చేలో పిచ్చుకలాంటి పిట్ట, కానీ పిచ్చుక కాదు. ఏంటిది?

పెన్నమ్మ (కళ్యాణదుర్గం)

అందరికీ నమస్తే. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. శనక్కాయ పీకేశాక మా మెట్టచేను ఖాళీగా ఉంది. ఎర్రనేల, గులకరాళ్లు, గట్ల మీద ఎండుగడ్డి, అక్కడక్కడ చిన్న రేగుపొదలు, అంతకుమించి ఏమీ లేదు. ఆ చేలో ఈ మధ్య చిన్న పిట్టలు తిరుగుతున్నాయి. దూరం నుంచి చూస్తే అచ్చం ఆడ ఊరపిచ్చుకే. ఇంట్లో వాళ్లు కూడా పిచ్చుకలే అంటున్నారు. నాకు మాత్రం నమ్మకం కుదరడం లేదు. ఇవి ఇళ్ల దగ్గరికి అసలు రావు, చెట్టెక్కవు, పొద్దస్తమానం నేల మీదే తిరుగుతాయి. మనం అటుగా నడిచి వెళ్తే ఎగిరిపోవడం మానేసి నేలకి అతుక్కుపోతాయి. ఇక కాలు మీద పడుతుందేమో అన్నప్పుడు బుర్రుమని లేచి, కాస్త దూరంలోనే మళ్లీ దిగిపోతాయి. దిగిన చోటు కళ్లారా చూసినా సరే, అక్కడికి వెళ్లి వెతికితే కనపడవు, మట్టిలో కలిసిపోయినట్టే ఉంటాయి.

నేను గమనించినవి రాస్తున్నాను. సైజు పిచ్చుకంత ఉంటుంది, ఇంకాస్త చిన్నదేమో కూడా. వీపు ఇసుకరంగు కలిసిన గోధుమ, పొట్ట లేత రంగు. ముక్కు పొట్టిగా లావుగా ఉంది. తల మీద జుట్టు లేదు. తోక పొట్టి. రొమ్ము మీద చారలు ఉన్నాయా అంటే ఉన్నట్టూ లేనట్టూ ఉంది. నాలుగైదు కలిసి తిరుగుతున్నాయి. ఒక్కసారి మాత్రం వాటిలో ఒకటి లేచినప్పుడు పొట్ట అంతా నల్లగా కనిపించింది. అది నిజంగా నలుపా, ఎండకి పడిన నీడా అన్నది తేలలేదు.

నా దగ్గర ఫోన్ తప్ప కెమెరా లేదు. దూరం నుంచి తీసిన ఫొటో యాప్‌లో పెడితే మూడు పేర్లు చూపించింది: యాషీ క్రౌన్డ్ స్పారో లార్క్, ఇండియన్ బుష్ లార్క్, గ్రేటర్ షార్ట్ టోడ్ లార్క్. మూడింటి బొమ్మలూ చూస్తే నాకు ఒకేలా ఉన్నాయి. మా బడిలో పిల్లలు రోజూ దీని పేరు అడుగుతున్నారు, వాళ్లకి ఉజ్జాయింపుగా ఏదో ఒకటి చెప్పడం నాకు ఇష్టం లేదు. మామూలు కంటితో వీటిని విడదీసి గుర్తుపట్టే దారి ఏమైనా ఉందా?

రేగడి (నంద్యాల)

పెన్నమ్మ గారూ, సగం జవాబు మీరే రాసేశారు. నేలకి అతుక్కుపోవడం, కాలు మీద పడేదాకా లేవకపోవడం, లేచినా దూరం పోకపోవడం, ఇవన్నీ లార్క్‌లనే నేలపిట్టల పద్ధతులే.

ముందు పిచ్చుక సంగతి తేల్చేద్దాం. ఆ పిట్ట నేల మీద ఉన్నప్పుడు కాళ్లు చూడండి. ఊరపిచ్చుక రెండు కాళ్లూ కలిపి గెంతుతుంది. లార్క్ మనలాగే ఒక అడుగు తర్వాత ఒక అడుగు వేసి నడుస్తుంది, తొందరైతే పరిగెత్తుతుంది, కొంచెం ఇటు కొంచెం అటు వంకరగా పోతూ గింజలు ఏరుకుంటుంది. దీనికి బైనాక్యులర్ కూడా అక్కర్లేదు. మీ పిల్లలకి ముందు ఇదే చూపించండి, పేరు తర్వాత.

ఇక నా లెక్క ప్రకారం మీ చేలో ఉన్నది యాషీ క్రౌన్డ్ స్పారో లార్క్, మీకు ఎక్కువగా కనిపిస్తున్నవి దాని ఆడపిట్టలు. కారణాలు చెప్తాను. మన మైదానాల్లో ఉండే లార్క్‌లలో ఇది బాగా చిన్నది, 12, 13 సెంటీమీటర్లు ఉంటుంది, అంటే పిచ్చుక కన్నా కాస్త తక్కువే. మిగతా లార్క్‌లు చాలావాటికి ముక్కు కొంచెం సాగినట్టు ఉంటుంది, దీనికి మాత్రం గింజలు కొరికే పిట్టల ముక్కులాగా పొట్టిగా, లావుగా ఉంటుంది. మీరు కూడా అదే రాశారు. తల మీద జుట్టు లేదన్నారు, రొమ్ము మీద గట్టి చారలు లేవన్నారు. అవి కూడా దీనికే సరిపోతాయి.

అన్నిటికన్నా పెద్ద ఆధారం మీరు నీడేమో అని వదిలేసిన ఆ నలుపు. లార్క్‌లలో చాలా జాతుల్లో ఆడా మగా ఒకేలా ఉంటాయి, చూసి చెప్పలేం. స్పారో లార్క్‌లు మాత్రం వేరు. మగది గడ్డం దగ్గర్నుంచి గొంతు, రొమ్ము, పొట్ట మొత్తం నలుపు. నడినెత్తి బూడిదరంగు, చెంపలు తెల్లగా ఉంటాయి, ఆ తెలుపుకీ నెత్తికీ మధ్యలో కంటి మీదుగా ఒక నల్లటి పట్టీ పోతుంది. వీపు మాత్రం మామూలు మట్టిరంగే. అందుకే అది నేల మీద నక్కి ఉన్నంతసేపూ మీకు నలుపు కనపడదు, వీపే కనపడుతుంది. లేచినప్పుడు, లేదా మట్టిపెడ్డ ఎక్కి నిటారుగా నిలబడినప్పుడు మాత్రమే అసలు రంగు బయటపడుతుంది. ఈసారి మనుషుల అలికిడి లేని చోట కాసేపు కూర్చుని చూడండి. ఒక్క మగదాన్ని సరిగ్గా చూశారంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు, ఎందుకంటే మన రెండు రాష్ట్రాల్లో పొట్ట మొత్తం నల్లగా ఉండే లార్క్ అదొక్కటే.

పాలమూరు బాట

రేగడి అన్నా, మగదాన్ని చూసేదాకా అంత గట్టిగా చెప్పకపోతే మంచిదని నా అభిప్రాయం. ఎర్రనేల, గులకరాళ్లు, రేగుపొదలు అనగానే నాకు ముందు తట్టేది ఇండియన్ బుష్ లార్క్. మా మహబూబ్‌నగర్ వైపు అట్లాంటి గట్టు నేలల్లో అది చాలా మామూలు. అది కూడా చిన్నదే, 14 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, అంత దూరం నుంచి ఆ తేడా ఎవరికి తెలుస్తుంది?

పెన్నమ్మ గారూ, మీరు రెండు విషయాలు చూడండి. ఒకటి, అది లేచినప్పుడు రెక్కల్లో ఇటుకరంగు కనపడుతుందా? బుష్ లార్క్ కూర్చున్నప్పుడు ఏమంత ప్రత్యేకంగా ఉండదు గానీ రెక్క విప్పిందంటే ఆ ఎరుపు స్పష్టంగా తెలుస్తుంది. రొమ్ము మీద కూడా నల్లటి చుక్కలు బాగానే ఉంటాయి. రెండోది, అది పొద ఎక్కుతుందా? బుష్ లార్క్‌కి రేగుపొద కొసన కూర్చుని పాడటం అలవాటు. అక్కడినుంచి రెక్కలు కొట్టుకుంటూ పాడుతూ కాస్త ఎత్తుకి లేస్తుంది, తర్వాత రెక్కలు పైకి ఎత్తిపెట్టి కాళ్లు కిందికి వేలాడేసుకుని మెల్లగా దిగి మళ్లీ అదే పొద మీదో, పక్క పొద మీదో వాలుతుంది. ఒకసారి చూస్తే మర్చిపోరు.

రూఫస్ టెయిల్డ్ లార్క్ ఇంకొకటి ఉంది గానీ అది పిచ్చుక కన్నా పెద్దది, పొట్ట, తోక తుప్పురంగులో ఉంటాయి, తోక చివర నల్లటి పట్టీ ఉంటుంది. దానితో మీకు పేచీ రాదు. మీరు రాసిన లేత పొట్ట దానికి కుదరదు.

రేగడి (నంద్యాల)

పాలమూరు అన్న చెప్పింది న్యాయమే, రెక్కలో ఎరుపు చూడటం మంచి పరీక్ష. అయితే ఆవిడ స్పష్టంగా చెట్టెక్కవు, నేల మీదే తిరుగుతాయి అని రాశారు. బుష్ లార్క్ పొద లేకుండా ఉండటం కష్టం. స్పారో లార్క్‌కి పొదతో పనే లేదు, దానికి కావలసింది బోడి నేల. దున్నిన చేను, బీడు, ఎండిన చెరువు లోపలి భాగం, మట్టిరోడ్డు, ఆఖరికి ఇళ్ల కోసం ప్లాట్లు వేసి వదిలేసిన భూమి. ఎక్కడ గడ్డి పొట్టిగా ఉండి మట్టి కనపడుతుందో అక్కడ ఉంటుంది. ఎప్పుడైనా తీగ మీద కూర్చోవచ్చు గానీ అది అరుదు.

జహీరాబాద్ రోడ్

మంచి చర్చ. నేనొక రెండు మాటలు కలుపుతాను, ఎందుకంటే యాప్ చూపించిన మూడో పేరు గురించి ఎవరూ మాట్లాడలేదు. గ్రేటర్ షార్ట్ టోడ్ లార్క్ మన ఊరి పిట్ట కాదు, చలికాలానికి మధ్య ఆసియా వైపు నుంచి వస్తుంది, ఎండలు ముదిరే లోపు వెళ్లిపోతుంది. దానికి బంధువైన మంగోలియన్ షార్ట్ టోడ్ లార్క్ కూడా దక్కన్‌కి వస్తుంది. ఈ రెండూ ఖాళీ చేలలోనే దిగుతాయి, వీటి ముక్కు కూడా కాస్త లావే, రంగు కూడా ఇసుకరంగే. కాబట్టి చలికాలంలో ఇసుకరంగు లార్క్ అనగానే ఆడ స్పారో లార్క్ అని రాసేయకూడదు. తేడా ఏమిటంటే ఇవి సాధారణంగా పెద్ద గుంపుల్లో వస్తాయి, చేను చేనంతా ఒక్కసారిగా లేచి, అంతా కలిసి గాల్లో మలుపు తిరిగి, మళ్లీ ఒక్కసారిగా దిగుతాయి. కంటి పైన లేత రంగు కనుబొమ్మ స్పష్టంగా ఉంటుంది, మెడకి అటూ ఇటూ చిన్న నల్లటి మచ్చ ఉంటుంది. స్పారో లార్క్‌లు కూడా చలికాలంలో గుంపులు కడతాయి, అయినా ఆ గుంపులో నల్లపొట్ట మగవి కొన్నైనా ఉంటాయి కదా, వాటిని వెతకాలి.

మా వైపు ఇంకొకటి ఉంది, దాని గురించి చెప్పకుండా ఉండలేను. సైక్స్ లార్క్. ఇది భారతదేశంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు, అందులోనూ ముఖ్యంగా దక్కన్ పీఠభూమి దాని ఇల్లు. దక్కన్‌లో పనిచేసిన సైక్స్ అనే సైనికాధికారి 1832లో దీన్ని శాస్త్రీయంగా వర్ణించాడు. 14 సెంటీమీటర్ల చిన్న పిట్ట, తల మీద నిక్కబొడుచుకునే పొట్టి జుట్టు, కింద భాగం అంతా లేత ఎరుపు కలిసిన రంగు, రొమ్ము మీద సన్నటి చారలు కొద్దిగానే ఉంటాయి. పాడుతున్నప్పుడు మధ్యలో వేరే పిట్టల అరుపులు కూడా కలిపి పాడేస్తుంది. నల్లరేగడి బీళ్లలో, శనగ చేల పక్కన చూడండి. మీ పిట్టకి జుట్టు లేదన్నారు కాబట్టి ఇది కాదు, కానీ ఇంకోరోజు ఏదైనా లార్క్ తల మీద జుట్టు కనిపిస్తే దయచేసి వదిలేయకండి, చారలు ఎన్ని ఉన్నాయో, పొట్ట ఏ రంగో రాసుకోండి.

పిపిట్‌లు కూడా ఇవే చేలలో తిరుగుతాయి. వాటి ఒళ్లు సన్నగా, కాళ్లు పొడుగ్గా, ముక్కు సూదిలా ఉంటాయి, ఆగినప్పుడల్లా తోక ఆడిస్తాయి. లావు ముక్కు అన్నారు కాబట్టి అది కూడా కొట్టేయొచ్చు.

మస్కట్ తెలుగోడు

ఈ చర్చ చూసి ఊరి చేను గుర్తొచ్చింది. నాది నారాయణపేట దగ్గర, ఇప్పుడు ఒమాన్‌లో ఉంటున్నాను. ఇక్కడ ఎడారి అంచుల్లో దీని దాయాది ఉంటుంది, బ్లాక్ క్రౌన్డ్ స్పారో లార్క్. మగదానికి పొట్ట ఇదే నలుపు, కానీ నెత్తి కూడా నల్లగా ఉంటుంది, నుదురు మాత్రం తెలుపు. ఆడది ఇక్కడ కూడా ఇసుకలో కలిసిపోయే రంగే. ఇండియాలో ఇది రాజస్థాన్, గుజరాత్ లాంటి వాయవ్య పొడి ప్రాంతాల్లో ఉంటుంది, అనంతపురం దాకా రాదు. కాబట్టి పెన్నమ్మ గారూ, మీరు మగదాన్ని చూసినప్పుడు నెత్తి రంగు మాత్రం ఖచ్చితంగా చూసి చెప్పండి. బూడిదరంగు అయితే రేగడి గారు చెప్పిందే.

ఇక్కడ నేను గమనించింది ఒకటి చెప్తాను, మీకు పనికొస్తుంది. నడిచి వెళ్తే దాక్కునే పిట్ట బండిలో ఉంటే అంతగా పట్టించుకోదు. పొలం బాట పక్కన బండి ఆపి, ఇంజన్ కట్టేసి, దిగకుండా కూర్చోండి. అవి బాట మీదికి గింజల కోసం, దుమ్ములో పొర్లడం కోసం వాటంతట అవే వస్తాయి.

పెన్నమ్మ (కళ్యాణదుర్గం)

అందరికీ చాలా థాంక్స్. మీరు చెప్పినవి ఒక కాగితం మీద రాసుకుని చేలోకి తీసుకెళ్లాను. మస్కట్ అన్న చెప్పినట్టు మా తమ్ముడి ఆటోలో కూర్చుని చూశాం, నిజంగానే దగ్గరికి వచ్చాయి.

నడక: ఒక్కటి కూడా గెంతలేదు, అన్నీ నడుస్తున్నాయి. రెక్కల్లో ఇటుకరంగు లేదు. మెడ పక్కన మచ్చ లేదు. ఒకటి మట్టిపెడ్డ ఎక్కి నిలబడింది, గడ్డం నుంచి పొట్ట దాకా నల్లగా ఉంది, చెంప తెల్లగా ఉంది, నెత్తి బూడిదరంగు. దాని పక్కనే మామూలు గోధుమరంగుది తిరుగుతోంది, రెండూ జంటగానే ఉన్నాయి.

అసలు చెప్పాల్సింది ఇప్పుడు. ఆ నల్లపొట్టది ఉన్నట్టుండి రెక్కలు వణికిస్తూ నిట్టనిలువుగా పైకి పోయింది. బాగా ఎత్తుకి పోయాక రెక్కలు ముడిచేసి తల కిందులుగా రాయిలా పడిపోయింది. నేలకి కొట్టుకుంటుందేమో అని పిల్లలు అరిచేశారు. ఆఖరి క్షణంలో రెక్కలు విప్పి, పడిన ఊపుతోనే మళ్లీ పైకి లేచింది, మళ్లీ పడింది, మళ్లీ లేచింది. పడుతున్నప్పుడల్లా సన్నగా ఈల వేసినట్టు ఒక సాగదీసిన కూత. ప్రతిసారీ ఎత్తు కాస్త కాస్త తగ్గుతూ వచ్చి చివరికి ఇంకో పెడ్డ మీద కూర్చుంది. ఇది ఈ పిట్ట పద్ధతేనా?

ఇంకో విషయం, కొంచెం టెన్షన్‌గా ఉంది. ఒక జంట ఒకే చోటికి పదేపదే పోతోంది. ఆ రెండూ లేని సమయంలో దూరం నుంచి చూస్తే పెడ్డ పక్కన చిన్న గుంటలో గుడ్లు ఉన్నాయి. చేను దున్నించడానికి ట్రాక్టర్ మాట్లాడాం. గుడ్ల చుట్టూ రాళ్లు పేర్చి, కర్ర పాతి గుర్తు పెడితే సరిపోతుందా?

రేగడి (నంద్యాల)

మీరు వర్ణించిన ఆ పడటం లేవడం యాషీ క్రౌన్డ్ స్పారో లార్క్ మగదాని ఆటే, ఇంక అనుమానం లేదు. మన దగ్గర వేరే ఏ లార్క్ అట్లా చేయదు. స్కైలార్క్ అయితే పైకి పోయి చాలాసేపు ఒకేచోట గాల్లో నిలబడి పాడుతుంది. బుష్ లార్క్ మెల్లగా దిగుతుంది. ఇది మాత్రం ఉయ్యాల ఊగినట్టు పడుతూ లేస్తూ మెట్టు మెట్టుగా దిగుతుంది. అందుకే నేను ఎప్పుడూ అంటాను, లార్క్‌ని ఈక ఈక లెక్కపెట్టి గుర్తుపట్టాలని కూర్చుంటే కళ్లు నొప్పి పుడతాయి. అది ఎక్కడ కూర్చుంటుంది, ఎట్లా నడుస్తుంది, ఎట్లా పాడుతూ ఎగురుతుంది, ఈ మూడూ చూస్తే పేరు దానంతట అదే వస్తుంది. రంగు చివర్లో సాక్షి సంతకం పెట్టడానికి మాత్రమే.

గూటి గురించి. కర్ర పాతకండి, దయచేసి. బోడి చేలో కర్ర నిలబెడితే కాకికి కూర్చునే చోటు ఇచ్చినట్టే, అక్కడినుంచి అది గూడు చూస్తుంది. రాళ్లు పేర్చడం కూడా వద్దు. దాని రక్షణ అంతా కనపడకపోవడంలోనే ఉంది, అదొక చిన్న గుంట, లోపల కాస్త ఎండుగడ్డి, వెంట్రుకలు, అంచున సన్నటి గులకరాళ్లు, లోపల మచ్చలున్న లేత రంగు గుడ్లు, మామూలుగా రెండు మూడు. పక్కన మనం చేసిన ఏర్పాటు ఏదైనా సరే ముంగిసకీ, కుక్కకీ, కాకికీ ఆనవాలే.

దానికి బదులు దూరంలో ఉన్న గట్టునో, పెద్ద రాయినో ఆనవాలు పెట్టుకోండి. ఉదాహరణకి తూర్పు గట్టు నుంచి ఇన్ని అడుగులు, ఫలానా చెట్టుకి ఎదురుగా, ఇట్లా. ట్రాక్టర్ వచ్చిన రోజు మీరే దగ్గరుండి ఆ చోటు చుట్టూ ఒక చాప పరిచినంత కాదు, కనీసం నాలుగు సాళ్ల వెడల్పున దున్నకుండా వదిలించండి. వీలైతే దుక్కి రెండు మూడు వారాలు వాయిదా వేయండి. గుడ్లు పొదగడానికి 13, 14 రోజులు పడుతుంది. ఈ జాతిలో ఆడా మగా రెండూ వంతులవారీగా పొదుగుతాయి, కాబట్టి ఏదో ఒకటి ఎప్పుడూ అక్కడ ఉండాలి. మనం పక్కన నిలబడితే అది లేచిపోతుంది, గుడ్లు ఎండకి మాడిపోతాయి. మన ఎండల్లో గుడ్డు చల్లబడటం కన్నా వేడెక్కిపోవడమే పెద్ద ప్రమాదం. పిల్లలు పుట్టాక రెక్కలు పూర్తిగా రాకముందే గూడు వదిలి నడుచుకుంటూ పక్కకి పోతాయి, అప్పటికి చేను దున్నినా తప్పించుకునే అవకాశం ఉంటుంది.

గూటి ఫొటో తీయకండి, తీసినా ఇక్కడ పెట్టకండి. బడి పిల్లల్ని గూటి దగ్గరికి తీసుకెళ్లవద్దు. ఆ ఎగిరే ఆట మాత్రం ఆటోలో కూర్చోబెట్టి రోజూ చూపించండి, దానివల్ల పిట్టకి నష్టం లేదు.

తుంగభద్ర

రేగడి గారు చెప్పినదానికి ఒక రైతుగా నా అనుభవం కలుపుతాను. ట్రాక్టర్ డ్రైవర్‌కి ముందే చెప్పాలి, వచ్చి నిలబడ్డాక చెప్తే టైమ్ పోతుందని విసుక్కుంటాడు. మా చేలో మేం గట్టు వెంబడి ఒక పట్టీ ఏటా వదిలేస్తాం, ఆ కాస్త భూమికి వచ్చే పంట నష్టం లెక్కలోకి రాదు. ఈ పిట్టలు గింజలు తింటాయని కొందరు తోలేస్తారు. ఇవి ఏరుకునేవి ఎక్కువగా గడ్డిగింజలు, రాలిన గింజలు, దానికితోడు పురుగులు. పిల్లలకి పెట్టేది పురుగులే. కోతలయ్యాక ఖాళీ చేలో అవి తిరిగితే మనకి పోయేదేమీ లేదు.

నాకు బాధనిపించేది వేరే. బీడు అనగానే అది పనికిరాని భూమి అని కాగితాల్లో రాసేస్తారు, తర్వాత ఎవరో వచ్చి చదును చేసి కంచె వేస్తారు. చెట్లు నాటితే పుణ్యమని గడ్డి నేలల్లో గుంటలు తీసి మొక్కలు పెడతారు. చెట్లు మంచివే, నేను కూడా నాటాను. కానీ లార్క్, నేలనెమలి (లెస్సర్ ఫ్లోరికన్), బట్టమేకపిట్ట, ఇవన్నీ చెట్టు లేని నేల కావాలనే పిట్టలు. బట్టమేకపిట్ట కోసం రోళ్లపాడులో 1988లో అభయారణ్యం పెట్టారు, ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు గడ్డి నేల. ఈ లార్క్‌లలో చాలావాటిని ఒకేచోట చూడాలంటే కర్నూలు, నంద్యాల వైపు వచ్చిన వాళ్లు అక్కడికి వెళ్లండి. తెల్లవారుజామున వెళ్లాలి, ఎండెక్కితే ఏవీ పాడవు.

పెన్నమ్మ (కళ్యాణదుర్గం)

నాన్నతో మాట్లాడాను. దుక్కి వాయిదా వేయడానికి ఒప్పుకున్నారు, ఎలాగూ వాన పడేదాకా తొందర లేదన్నారు. గూడు ఉన్న వైపు మేకల్ని కూడా తోలవద్దని పక్క చేను వాళ్లకి చెప్పాం. కర్ర పాతలేదు. పిల్లలు బడిలో గోడ మీద మగదాని బొమ్మ గీశారు, నెత్తికి బూడిదరంగు, చెంపకి తెలుపు, మిగతాది బొగ్గుతో నింపేశారు. ఆడదాన్ని గీయడానికి మాత్రం మట్టి నీళ్లలో కలిపి అద్దారు.

ఒక పిల్లాడు అడిగిన ప్రశ్న: ఈ పిట్టలు ఎండాకాలం ఎక్కడికైనా వెళ్లిపోతాయా?

జహీరాబాద్ రోడ్

వెళ్లవు. స్పారో లార్క్‌లు ఏడాది పొడవునా మన దగ్గరే ఉంటాయి, వానని బట్టి, మేతని బట్టి కొంచెం అటూ ఇటూ జరుగుతాయి అంతే. పాకిస్తాన్ నుంచి బంగ్లాదేశ్ దాకా, కింద శ్రీలంక దాకా మైదానాల్లో ఉన్నాయి, ఎత్తైన కొండల మీద ఉండవు. మండుటెండలో కూడా చేలోనే ఉంటాయి, పెడ్డ నీడనో, కంచె రాతి నీడనో వెతుక్కుని కూర్చుంటాయి. ఆ పిల్లాడిని మే నెలలో మధ్యాహ్నం రాళ్ల నీడల్లో చూడమనండి.

పాలమూరు బాట

పెన్నమ్మ గారి పిట్ట తేలిపోయింది కాబట్టి నా సందేహం ఒకటి ఇక్కడే అడుగుతాను. దేవరకద్ర దాటాక రోడ్డు పక్కన కరెంటు తీగ మీద ఒక బుష్ లార్క్ కూర్చుని చాలాసేపు పాడింది. రెక్కలో ఎరుపు ఉంది గానీ తక్కువ. రొమ్ము మీద చుక్కలు పెద్దవి. ముక్కు బలంగా, తోక పొట్టిగా అనిపించింది. ఇది ఇండియన్ బుష్ లార్కేనా, జెర్డన్ బుష్ లార్కా? ఈ రెండూ మా జిల్లాలో ఉన్నాయంటారు.

రేగడి (నంద్యాల)

మీరు రాసిన నాలుగూ జెర్డన్ వైపే చూపిస్తున్నాయి. పెద్ద చుక్కలు, బలమైన ముక్కు, పొట్టి తోక, తీగ మీద కూర్చుని పాడటం. ఇండియన్ బుష్ లార్క్ తోక కాస్త పొడుగు, చుక్కలు చిన్నవి, రెక్కలో ఎరుపు ఎక్కువ, పాటలో ఎక్కువ భాగం గాల్లో ఎగురుతూ పాడుతుంది. జెర్డన్ ఎక్కువగా కూర్చునే పాడుతుంది, చెట్టు కొమ్మ, స్తంభం, తీగ ఏదైనా సరే దానికి, ఎగిరినా కాస్త దూరమే. ఒకప్పుడు దీన్ని బెంగాల్ బుష్ లార్క్‌తో కలిపి ఒకే జాతిగా చూసేవారు. 1998లో ఆల్‌స్ట్రోమ్ అనే శాస్త్రవేత్త పాటలూ ఎగిరే పద్ధతులూ పోల్చి చూసి వేరు జాతులని తేల్చాడు. అంటే శాస్త్రవేత్తలకి కూడా చివరికి పాటే దారి చూపించింది.

ఈ జెర్డన్ మన నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన ఆయనే. కడప లంకమల అడవుల్లో 1986లో మళ్లీ దొరికిన కలివికోడికి ఇంగ్లీషులో ఉన్నది కూడా ఆయన పేరే.

ఈసారి ఆ రోడ్డున వెళ్తే ఫోన్‌లో దాని పాట రికార్డ్ చేసి పెట్టండి. కీచుమన్న పొడి శబ్దం, గొలుసు గీరినట్టు వస్తే జెర్డన్. ముందు టిట్ టిట్ అని కొట్టి, ఆ వెంటనే సన్నటి ఈలలు సాగదీస్తే ఇండియన్. గాలి శబ్దం పడకుండా ఫోన్‌ని బండి చాటున పట్టుకోండి, పాట పూర్తయ్యేదాకా మాట్లాడకండి.